ముందే నింపిన కార్డు

"గ్లాసులు జాగ్రత్త. ఒక్కటి పగిలినా అలాంటిది మళ్లీ దొరకదు," అన్నాడు భర్త, సోఫాలోంచి కదలకుండానే.

నెలకోసారి చర్చిలో ప్రభువు బల్ల అయ్యాక, ద్రాక్షరసం పోసిచ్చే బొటనవేలంతేసి గ్లాసులు అరవై ఆమె వంటింటికి వస్తాయి. సంఘపెద్ద భార్యే కడగాలని ఎక్కడా రాసి లేదు. పదహారేళ్లుగా కడుగుతోంది కాబట్టి ఆమే కడగాలి. లోపలికి వేలు పట్టదు. పుల్లకి గుడ్డ చుట్టి ఒక్కొక్కదాన్నే తిప్పి తిప్పి తుడవాలి.

పని ముగించి వచ్చేసరికి బల్ల మీద రెండు సమర్పణ కార్డులున్నాయి. ఏటా ఒక ఆదివారం వాటిని మనిషికొకటి చొప్పున పంచుతారు. ఈ ఏడు దేవుడికి ఏం అప్పగిస్తున్నారో రాసి, సంతకం పెట్టి, పై ఆదివారం అందరి ముందూ పెట్టెలో వెయ్యాలి. భర్త తన కార్డు మీద 'నా కోపం' అని రాసుకున్నాడు. నిరుడూ అదే రాశాడు. ఆమె కార్డు మీద కూడా అవే గుండ్రటి అక్షరాలు: 'నా ఉద్యోగం.' సంతకానికి మాత్రం చోటు వదిలాడు.

"ఇదేంటండీ?"

"ప్రార్థనలో దేవుడు నాతో స్పష్టంగా చెప్పాడు. అమ్మ మంచం దిగలేకపోతోంది. ఇంటిపట్టున ఒక మనిషుండాలి. నీ జీతంతో గడుస్తోందా ఈ ఇల్లు?"

పక్క గదిలోంచి అత్తగారు అందుకుంది. "నాకు ఆయాని పెట్టినా ఫర్లేదే పిల్లా. కానీ వాడికి దేవుడు చెప్పాడంటున్నాడు కదా, మనమేం అనగలం?"

"నువ్వు పడుకోమ్మా," అన్నాడు భర్త. తర్వాత ఆమె వైపు తిరిగి, "పెన్ను అక్కడే ఉంది," అన్నాడు.

"ఆదివారం దాకా టైముందిగా," అని ఆమె కార్డు తీసి బైబిల్లో పెట్టుకుంది.

ఆసుపత్రి ల్యాబులో రోజూ పొద్దున్న నాలుగు గంటలు రక్తపు స్లైడ్లు చూడటం ఆమె పని. మైక్రోస్కోపుకి కన్ను ఆనించాక ఆమెను ఎవరూ పిలవరు. ఎవరిదో తెలియని రక్తం, వెలుగులో పరుచుకున్న గులాబీరంగు చుక్కలు. ఆమె ప్రార్థనంతా అక్కడే. ఇంట్లో మోకరిస్తే కుక్కర్ కూత పెడుతుంది, అత్తగారి గంట మోగుతుంది. 'నీ చిత్తమే జరగనీ' అని పెళ్లయిన ఈ ఇరవై రెండేళ్లలో ఎన్నిసార్లు అనుకుందో. ఇల్లు మారినప్పుడల్లా అనుకుంది, గాయకబృందం మానుకున్నప్పుడూ అనుకుంది. చిత్రం ఏమిటంటే, దేవుడి చిత్తం ప్రతిసారీ భర్త ఆఫీసుకి దగ్గర్లోనే ఉండేది. అది ఆమెకు చేరేదీ భర్త నోటి వెంటే. తానుగా అడిగిందెప్పుడు? ఎవరితోనైనా చెప్పుకుందామంటే అమ్మ లేదు. పాస్టరమ్మగారు చేతులు పట్టుకుని "లోబడి ఉండమ్మా" అంటుంది. అంతకు మించి ఎవరూ గుర్తుకు రాలేదు. ఇంతమందితో కలిసి పాటలు పాడే మనిషికి ఒక్క మాట చెప్పుకునే చోటు లేకపోయింది.

గురువారం, రెండు స్లైడ్ల మధ్య, ఆమె కళ్లు మూసుకుంది. 'ప్రభువా, ఈ పని నీకు కావాలా? కావాలంటే తీసుకో.'

జవాబేమీ రాలేదు. ఎవరో రిపోర్టు కోసం అద్దం మీద తట్టారు. కానీ అన్న మాట మనసారా అన్నానని ఆమెకు తెలిసింది. ఇష్టపడి ఇవ్వడానికి సిద్ధమయ్యాక, ఎవరో లాక్కుంటారన్న భయం ఎక్కడా కనిపించలేదు. శుక్రవారం కూడా అడిగింది. శనివారం కూడా.

ఆదివారం చర్చి గుమ్మం దగ్గర, మిగిలిన కార్డులు పట్టుకుని నిలబడ్డ పెద్దాయన్ని, "బాబాయ్, ఇంకోటివ్వండి," అని అడిగి తీసుకుంది. కింద సంతకం పెట్టింది. పైన ఏమీ రాయలేదు. వరుసలో నిలబడ్డాక భర్త తొంగి చూశాడు.

"ఖాళీగా ఉందేం?" పళ్ల మధ్య నుంచి అడిగాడు.

"సంతకం నాది. పైన రాయడం దేవుడి వంతు."

"నవ్వులాటగా ఉందా? పాస్టర్‌గారికి ముందే చెప్పాను, ఉద్యోగం మానేస్తున్నావని."

వరుస కదిలింది. ఆమె కార్డు పెట్టెలో వేసి, పక్కకు తప్పుకుంటూ నెమ్మదిగా అంది.

"దేవుడు అడిగిన రోజే మానేస్తానండీ. ఇంతవరకూ అడిగింది మీరొక్కరే."