పిలిస్తే పలకనిది

పోహే కోసం అటుకులు తడిపి పక్కన పెట్టి, వంటింటి గట్టు మీదే లాప్‌టాప్ తెరిచాను. ఆఫీసు కోసం నేను రాస్తున్న పైథాన్ ప్రోగ్రామ్‌లో, ఒక్కో ఖాతాకీ అచ్చులాంటి క్లాస్ ఉంది; అందులో 'పరిచయం' అని ఒక మెథడ్, అంటే పేరు పెట్టి పిలిస్తే పని చేసిపెట్టే ముక్క. పిలిస్తే ఆ ఖాతాదారు ఎవరో రెండు వాక్యాల్లో చెప్పాలి. తీరా పిలిస్తే, ఇది పిలవదగినది కాదు పొమ్మని పొద్దున్నుంచీ ఎర్రక్షరాల్లో వెక్కిరిస్తోంది.

"పోహే ఇంకా కాలేదా సుహాసినీ? శిరీష్‌కి ఆకలేస్తోంది," హాల్లోంచి మా అత్తగారు, అందరం ఆయీ అంటాం. మా ఆయన ఆవిడ పక్కనే ఉన్నాడు. నోరుంది, కాళ్లున్నాయి.

తప్పు దొరికింది, నాదే. ఖాతా తయారయ్యే తొలి క్షణంలోనే 'పరిచయం' అనే అదే పేరుతో ఒక మాట దాచిపెట్టాను. అది మెథడ్‌కి అడ్డంగా కూర్చుంది. మెథడ్ చెరిగిపోలేదు, క్లాస్‌లో భద్రంగానే ఉంది. ఎవరు పిలిచినా ముందున్న ఆ మాటే తగులుతుంది, దానికేమో పని చేయడం రాదు. ఇన్నేళ్ల అనుభవానికి ఇదా అని నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

కోడలికి కొత్త పేరు పెట్టే మరాఠీ ఆచారం ప్రకారం మా పెళ్లిలో పళ్లెం నిండా బియ్యం పోసి, శిరీష్ ఉంగరంతో 'సుహాసిని' అని రాశాడు. "ఉల్కా ఏం పేరమ్మా, రాలిపోయేది! మా ఇంటికి నప్పదు," అంది ఆయీ. అందరూ కోవా పేడాలు తిన్నారు, నేనూ తిన్నాను. పుణే వీధుల్లో సైకిలు తొక్కి, లెక్కల మాస్టారితో వాదులాడిన ఆ ఉల్కా నా లోపల ఇంకా ఉంది. పిలిచేవాళ్లే లేరు. ఆ పిల్ల మీద నాకెంత బెంగో ఎవరికి చెప్పను?

ప్రోగ్రామ్ మీద నా పేరు వేయాలట. "సుహాసిని అనే కదా?" అని మా మేనేజర్ నిసర్గాతాయి మెసేజ్ పెట్టింది. ఉల్కా అని వేయించుకోనా అని, పోహే అందిస్తూ శిరీష్‌ని అడిగాను.

"మళ్లీ ఆ గొడవెందుకు? ఆయీ బాధపడుతుంది. ఈ పేరుకేం తక్కువ?" అన్నాడు నిమ్మకాయ పిండుకుంటూ.

ఏమీ తక్కువ లేదు. అందులో నేను లేను, అంతే.

వంటింట్లోకొచ్చి, దాచిన మాటకి వేరే పేరు పెట్టాను. మెథడ్ పలికింది. అదే ఊపులో నిసర్గాతాయికి 'ఉల్కా' అని పంపేశాను. పంపాక, ఆ పేరు చెవులారా వినాలనిపించి నాసిక్‌లో అన్నయ్యకి ఫోన్ చేశాను.

"ఏం సుహాసినీ, బాగున్నావా?" అన్నాడు. వాడు కూడా!

"దాదా, నా పేరు మర్చిపోయావా?"



"మర్చిపోతానుటే ఉల్కీ? అలా పిలిస్తే అక్కడ నిన్నేమైనా అంటారేమోనని..."

"ఇంకోసారి పిలువు," అన్నాను.