కట్టుకున్నదాన్ని తూచరు

సిడ్నీ విమానాశ్రయంలో పొద్దున్న ఏడింటికి ఫాతాయి తన మూటను తూకం మీద పెట్టింది. ఎర్ర అంకెలు కాసేపు ఊగి పదకొండు దగ్గర నిలబడ్డాయి.

"ఏడు కిలోలే మేడమ్," అన్నాడు కౌంటరు వెనకున్నతను. చొక్కా మీది బిళ్ళలో అతని పేరు డామియన్ అని రాసుంది. "మీ టికెట్టుకి సామాను లేదు. చేతిసంచి ఒక్కటే."

"సామాను లేని టికెట్టు కూడా ఉంటుందా?"

"అదే చవకది. కొన్నవాళ్ళనడగండి."

కొన్నది ఆమె కొడుకు. మొన్న మధ్యాహ్నం టోంగా దీవుల నుంచి చావు కబురు రాగానే ఫోన్లో పది నిమిషాల్లో కొనేశాడు. వాణ్ణని లాభం లేదు. టోంగా వాళ్ళకు చావు కబురొస్తే ముందు టికెట్టు, తర్వాత ఏడుపు, అన్నిటికంటే ఆఖరున సామాను. సామాను సంగతి ఎప్పుడూ విమానాశ్రయంలోనే తేలేది. వరసలో నిలబడి "ఎవరి దగ్గరైనా ఖాళీ కిలోలున్నాయా?" అని ఒక కేక వేస్తే చాలు, చర్చివాళ్ళో, దూరపు చుట్టాలో, ఏ చుట్టరికమూ లేని మనిషో "ఇటు పెట్టవే, నా పెట్టెలో ఎనిమిదున్నాయి" అనేవారు. పక్కింటికి ఉప్పు ఇచ్చినట్టు కిలోలు ఇచ్చేవారు. తిరిగి అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ముప్పయ్యేళ్ళ కింద ఫాతాయి మొదటిసారి ఇంటికెళ్ళినప్పుడు ఒక కుట్టుమిషను, రెండు పరుపులు, పెట్టెడు గొడ్డుమాంసం డబ్బాలు పట్టుకెళ్ళింది. ఇదేమిటని అడిగిన నాథుడు లేడు. తర్వాత మనిషికి రెండు పెట్టెలన్నారు, సరేనంది. తర్వాత ఒకటన్నారు, సణుక్కుంటూ సరేనంది. ఒకరి కిలోలు ఒకరికి చెల్లవన్నారు, తిట్టుకుంటూ సరేనంది. ఇప్పుడు ఆ ఒక్క పెట్టె కూడా పోయి చేతిసంచి మీద పడ్డారు. కిటికీ పక్కన కూర్చుంటే ఒక రేటు, కాళ్ళు చాపుకుంటే ఇంకో రేటు. రేపు ఊపిరికీ రేటు కడతారు, చూస్తూ ఉండండి. ఇరవయ్యారేళ్ళు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికిన మనిషి ఫాతాయి. బరువంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"పోనీ, ఎంత కట్టమంటావు?"

"కట్టినా ఈ విమానంలో పోదు మేడమ్. కింద సామాన్ల గది నిండిపోయింది. శనివారం విమానంలో పంపిస్తాం."

గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే. ఇవాళ గురువారం. శుక్రవారం పొద్దున్నే ఖననం.

మూటలో ఉన్నవి రెండు చాపలు. చావుకైనా పండక్కైనా టోంగావాళ్ళు బట్టల మీద నడుముకు చాప చుట్టుకుంటారు. ఒకటి ముతకది, మోకాళ్ళ కింది నుంచి చంకల దాకా చుట్టుకునేంత పెద్దది, అంచులు చిరిగి పీచులు వేలాడేది. పోయిన మనిషి మెలేసేని, ఫాతాయికి సొంత మేనత్త. టోంగాలో మేనత్తంటే మాటలు కాదు. అన్నదమ్ముల పిల్లలు ఆమె ముందు ఎంత తక్కువవాళ్ళంటే, ఆమె పోయిన రోజున జుట్టు విరబోసుకుని, చిరుగు చాప కట్టుకుని, శవం దరిదాపులకు పోకుండా పెరట్లో పొయ్యిల దగ్గర చాకిరీ చెయ్యాలి. ఎంత పెద్ద చిరుగైతే అంత పెద్ద మర్యాద.

రెండోది మేలు చాప. మొగలాకును సముద్రపు నీళ్ళలో నానబెట్టి, ఎండబెట్టి, దారాల్లాగా చీల్చి, రెండేళ్ళు కూర్చుని మెలేసేని తన చేత్తో అల్లింది. పట్టుచీరంత మెత్తగా ఉంటుంది. ఫాతాయి పెళ్ళినాడు దాన్ని చేతిలో పెట్టి, "ఇది దాచు. నేను పోయినప్పుడు తెచ్చి నా కింద పరిపించు. ఊళ్ళోవాళ్ళ చాపల మీద నన్ను పడుకోబెట్టనివ్వకు," అంది. ఫాతాయి సరేనంది. ఇప్పుడు ఆ మాట నిలబెట్టుకోవడానికే బయల్దేరింది.

"శనివారానికి అది నాకెందుకు నాయనా? శుక్రవారం ఆవిడ మట్టిలోకి పోతుంది."

"నాకూ బాధగానే ఉంది మేడమ్. రూలు నేను రాయలేదు."

"రాసినవాడు ఇక్కడ లేడు కదా. నువ్వున్నావు. అందుకే నీతో చెప్తున్నా."

వెనక్కి తిరిగి, వరసంతా వినేలా పాత కేకే వేసింది. ఖాళీ కిలోలెవరికైనా ఉన్నాయా అని. అరవైమంది ఉన్నారు వరసలో, ముప్పాతికమంది టోంగావాళ్ళే. ఒక్కరూ పలకలేదు. అందరివీ అదే చవక టికెట్లు. తలలు దించుకుని తమ తమ సంచుల్ని కాళ్ళ దగ్గరికి లాక్కున్నారు. ఆ కాస్త లాక్కోవడం చూసేసరికి ఫాతాయికి కడుపు రగిలిపోయింది. డబ్బు తీసుకుంటే తీసుకున్నారు, మనుషుల్ని ఇలా చేశారేమిటి అనుకుంది.

అక్కడే నేల మీద మూట విప్పింది. చిరుగు చాపను తీసి, నల్లగౌను మీద చుట్టి, కొబ్బరిపీచు తాడుతో బిగించింది. మిగిలినదాన్ని మళ్ళీ తూకం మీద పెట్టింది.

"ఆరున్నర. ఇప్పుడేమంటావు?"

డామియన్ మొహమాటపడుతూ పక్కనున్న ఇనుప చట్రం చూపించాడు. "బరువు సరిపోయింది. కానీ సంచి ఇందులో పట్టాలి."

పట్టలేదు. ఎటు మడిచినా మేలు చాప జానెడు బయటే ఉంది. ఒకవైపు సన్నం చేస్తే రెండోవైపు లావైంది. ఫాతాయి నుదుటి చెమట తుడుచుకుంది. ఒంటి మీది చాపను ఎవరూ తూచలేదు, చట్రంలో పెట్టమనలేదు. దారి ఒకటే ఉంది. ఆ దారే ఆమెకు భయం.

మేలు చాప కట్టుకుని మేనత్త చావుకు పోవడమంటే, 'నీకంటే నేనే ఎక్కువ' అని శవం మొహం మీద చెప్పడమే. అలాంటి పని చేసిన మనిషి పేరు ఆ ఊళ్ళో మూడు తరాలు చెప్పుకుంటారు. వంట దగ్గరికి కూడా రానివ్వరు.

ఆమె చాప దులపడం చూసి వెనక నుంచి వీకా గుండెలు బాదుకుంది. వీకాది అదే ఊరు, ఆమె కూడా అదే చావుకు వస్తోంది.

"ఒసే ఫాతాయీ, కొంపదీసి అది కట్టుకుంటావా ఏంటే? మేనత్త చావుకి?"

"నీ సంచిలో పెడతావా మరి?"

"నా సంచి నిండిపోయిందే."

"అయితే నోరు కూడా కాస్త నింపుకో."

చిరుగు చాప విప్పేసింది. మేలు చాపను మూడు చుట్లు నడుముకు చుట్టింది. "తిట్టుకుంటే తిట్టుకో అత్తా, వచ్చి మాట్లాడుకుందాం," అని గొణుక్కుంది. దానిమీద చిరుగు చాప చుట్టి, మేలు చాప అంగుళం కూడా కనబడకుండా కప్పి, తాడు బిగించింది. గడ్డివాములాగా తయారై కౌంటరు ముందు నిలబడింది.

"అలా కుదరదు మేడమ్," అన్నాడు డామియన్. "డబ్బు ఎగ్గొట్టడానికి కట్టుకున్నారు మీరు."

"ఎగ్గొట్టడమేంటి? కడతానంటే వద్దన్నది నువ్వు. చావుకి పోయేదాన్ని చావు బట్ట కట్టుకున్నా. నీ మెడకి ఆ గుడ్డముక్క ఉంది కదా, దాన్ని విప్పి చట్రంలో పెట్టమన్నానా?"

"అది వేరు."

"ఏం వేరు? నీది మెడకి, నాది నడుముకి. అంతేగా?"

"మరీ రెండు చాపలండీ..."

"చలి. ఈ పదేళ్ళలో నేను పధ్నాలుగు కిలోలు పెరిగా నాయనా. ఒక్కసారైనా దానికి డబ్బడిగారా? ఇవాళ ఒంటిని తూస్తానంటే తూచు. ముందు ఆయన్ని తూచు." వరసలో ఎర్రగా, లావుగా, పొట్టి లాగుతో ఉన్న సెలవుల పెద్దమనిషిని చూపించింది. "తర్వాత ఆయన పెళ్ళాన్ని. అందరూ అయ్యాక నేనెక్కుతా. తూచేదాకా ఇక్కణ్ణుంచి కదల్ను."

"నన్ను మాత్రం తూచకండి బాబూ," అన్నాడా పెద్దమనిషి. వరస పగలబడి నవ్వింది.

ఆ నవ్వులోనే ఒక చేతికర్ర ముసలాయన నేల మీద చతికిలబడి, తన సంచిలోంచి చాప తీసి కట్టుకోవడం మొదలుపెట్టాడు. "నా సంచి కూడా బరువెక్కువేలే," అన్నాడు ఎవరూ అడక్కుండానే. ఆయన్ని చూసి ఇంకొకామె. ఆమెను చూసి ఇంకో నలుగురు. కాసేపటికి ఆ వరసంతా మొగలాకుల గరగర. అప్పటిదాకా తల దించుకున్నవాళ్ళు ఇప్పుడు డామియన్ కళ్ళలోకి చూస్తున్నారు. "నాకిప్పుడు రెండు కిలోలు ఖాళీ, ఎవరికి కావాలి?" అని ఎవరో అరిచారు. ఫాతాయికి ప్రాణం లేచొచ్చింది.

డామియన్ ఫోను తీసి ఎవరితోనో చాలాసేపు మాట్లాడాడు. పెట్టేసి, ఎవరి వంకా చూడకుండా చీటీ ముద్రించి ఆమె చేతికిచ్చాడు.

"కట్టుకున్నదాన్ని తూచమని రూల్లో లేదంట," అన్నాడు.

"లేదని నేను ఇందాకే చెప్పాను," అంది ఫాతాయి.

విమానంలో ఆమె పడ్డ పాట్లు పగవాళ్ళకు కూడా వద్దు. రెండు చాపలతో నడుము వంగలేదు. బెల్టుకు అతుకు బెల్టు వేశారు, అయినా చాల్లేదు, రెండో అతుకు తెచ్చారు. నాలుగున్నర గంటలు నిటారుగా కూర్చుంది. తిండి ముట్టలేదు, నీళ్ళు తాగలేదు. తాగితే లేవాలి, లేస్తే చాప విప్పాలి. రెండు వరసల ముందు వీకా తల పక్కవాళ్ళ చెవుల దగ్గరికి వంగుతూ లేస్తూ ఉంది. ఏం చెబుతోందో ఊహించనక్కర్లేదు.

వీకా మాట విమానం కంటే ముందు దిగింది. అదిగో పులి అంటే ఇదిగో తోక అనే మనుషులున్న ఊరది. ఫాతాయి పొద్దువాలేటప్పటికి చావింటికి చేరేసరికి, ఆమె మేలు చాప కట్టుకుని, ఒంటికి నూనె పూసుకుని, చెవిలో పువ్వు పెట్టుకుని దిగిందని చెప్పుకుంటున్నారు. పెరట్లో పొయ్యిల దగ్గర ఆడవాళ్ళు ఆమెకు చోటివ్వలేదు. పలకరించలేదు. ఆమె నిలబడే ఉంది. మేలు చాపను లోపలికి ఇవ్వాలంటే లోపలి నుంచి పిలుపు రావాలి.

పిలుపొచ్చింది. శవం తల దగ్గర కూర్చుని అన్నీ నిర్ణయించే పెద్దను ఫహు అంటారు. ఇక్కడ ఫహు కలోలైనే, పోయినామెకు మేనత్త కూతురు. ఎనభయ్యేళ్ళది. ఆమె కాదంటే ఊళ్ళో పాస్టరు కూడా నోరు మూసుకుంటాడు. ఫాతాయి గుమ్మం బయటే ఆగిపోయింది. అంతకంటే లోపలికి ఆమెకు హక్కు లేదు.

"పైది విప్పు," అంది కలోలైనే.

ఫాతాయి చిరుగు చాప విప్పింది. కింద మేలు చాప కనబడగానే గదిలో గుసగుస లేచింది.

"అయితే నిజమే," అంది ఫహు.

"నిజమే అత్తా. సిడ్నీలో కట్టా. ఇంతవరకూ విప్పలేదు."

"ఎవరి చావుకొచ్చావో తెలుసా?"

"తెలుసు. తప్పు చేశాననీ తెలుసు. బయట రోడ్డు మీద కూర్చోమంటే కూర్చుంటా, మళ్ళీ ఈ గడప తొక్కొద్దంటే తొక్కను. చాప మాత్రం వెనక్కి తీసుకుపోను. అది ఆవిడ కింద పడాల్సిందే. మాటిచ్చా. విమానం వాళ్ళు వద్దంటే వినలేదు, మీరు వద్దన్నా వినను."

ఫహుతో అలా మాట్లాడిన మనిషి ఆ ఊళ్ళో లేదు. ఫాతాయి మేలు చాప కూడా విప్పింది. చావింట్లో నడుముకు చాప లేకుండా నిలబడడమంటే బట్టల్లేకుండా నిలబడడమే. అందరూ చూస్తుండగా అలాగే నిలబడి, చాపను మడిచి, వంగి గడప మీదుగా లోపలికి తోసింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి, అయినా తల దించలేదు.

కలోలైనే చాపను ఒళ్ళోకి తీసుకుంది. మడత మీద అరచెయ్యి పెట్టి, తియ్యలేదు.

"వెచ్చగా ఉంది," అంది చివరికి.

శవం కింద దొంతరగా పరిచిన చాపల వైపు చూసింది.

"పొద్దున్నించి ముప్పై చాపలొచ్చాయి. అన్నీ పెట్టెల్లోంచి తీసిన చల్లటివే." పక్కనున్న ఆడవాళ్ళ వైపు తిరిగింది. "మెలేసేనిని ఎత్తండి. ఆ ముప్పై పక్కకి తియ్యండి. ఇది చల్లారకముందే కింద వెయ్యండి."

నలుగురు ఎత్తారు. ఫాతాయి గుమ్మం బయట నుంచి చూసింది. అత్త చెయ్యి పట్టుకునే హక్కు ఆమెకు లేదు, నుదురు ముట్టుకునే హక్కు లేదు. తొమ్మిది గంటలు తన ఒంటిని అంటుకున్నది మాత్రం ఆవిడ వీపు కిందికి పోయింది. కబురొచ్చినప్పటి నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"ఇంకా నిలబడ్డావేం?" అంది కలోలైనే. "తప్పు తప్పే. చిరుగుది కట్టుకుని పెరట్లోకి పో."

ఫాతాయి చిరుగు చాప బిగించుకుని పెరట్లోకి నడిచింది. చేమదుంపల గుట్ట ముందు కూర్చున్న వీకా కత్తి ఆపి తలెత్తింది.

"ఏమందే? వెళ్ళగొట్టిందా?"

"దుంపలు చెక్కమంది," అంది ఫాతాయి, వీకా చేతిలోని కత్తి లాక్కుని. "జరుగు."