తిన్నగా పోనివ్వండి

"కంగారూ అడ్డమొస్తే స్టీరింగు తిప్పొద్దు. బ్రేకు తొక్కి తిన్నగా పోనివ్వండి. తప్పించబోయి చెట్టుకు గుద్దుకున్నవాళ్లే ఎక్కువ. గుద్దాక రోడ్డు మీదకు దిగొద్దు" అన్నాడు బ్రెట్. కంపెనీ కార్లు నడిపేవాళ్లకు జాగ్రత్తలు నేర్పడానికి బ్రిస్బేన్ నుంచి వచ్చాడు.

"మా లినెట్ దిగకుండా ఉంటుందా! చచ్చిన కంగారూ సంచి తడిమి పిల్లను తీస్తే గానీ కారు కదలదు" అన్నాడు సూపర్‌వైజరు గ్రెగ్. అందరూ నవ్వారు. అలవాటు కొద్దీ లినెట్ కూడా నవ్వింది.

ఆ ఊళ్లో తల్లి చచ్చిన ప్రతి కంగారూ పిల్లా చివరికి ఆమె గుమ్మానికే చేరుతుంది. తల్లి సంచిలో ఉన్నట్టే దిండు గలీబులో పెట్టి వంటింటి తలుపుకు తగిలించి, రాత్రంతా లేచి లేచి పాలు పట్టాలి. పగలు ఊళ్లు తిరిగి ముసలివాళ్లకు స్నానాలు చేయించే ఉద్యోగం. "నీ చేతిలో మహిమ ఉంది" అంటారు జనం. ఆ మహిమ ఎవరి నిద్ర తింటోందో ఎవరికీ పట్టదు. మొగుడు డారిల్ పక్కగదికి మారిపోయాడు. "నీకు మెలకువ అలవాటే కదా లిన్, నేను పొద్దున్నే పనికెళ్లాలి" అన్నాడు. ఆమె వెళ్లేది పేరంటానికి కాబోలు! "పిల్లలు ఎగిరిపోయాక ఆడదానికి ఏదో ఒకటి ఉండాలమ్మా" అంది అత్త. ఆఖరి కంగారూ పిల్లను మొన్ననే పొదల్లోకి వదిలేసింది లినెట్. ఇక తను నిద్రపోవాలి, అంతే.

"నిద్ర చాలనివాళ్లు చెయ్యెత్తండి. మొహమాటం వద్దు" అన్నాడు బ్రెట్.

లినెట్ ఒక్కతే ఎత్తింది. పోయిన వారం స్టీరింగు మీదే రెప్పలు వాలాయి, టైరు మట్టిలోకి దిగాక గానీ తెలివి రాలేదు. చచ్చిపోతానేమోనని ఆమెకు నిజంగా భయంగా ఉంది.

"ఈ వయసులో రాత్రిళ్లు ఏం చేస్తున్నారు తల్లీ, నువ్వూ మీ ఆయనా?" అన్నాడు గ్రెగ్. మళ్లీ నవ్వులు. బ్రెట్ తెర మీద తర్వాతి బొమ్మ వేశాడు. ఆమె చెయ్యి దించేసింది.

పొద్దు వాలుతుండగా ఇంటి దారిలో ఎర్ర కంగారూ ఒకటి అడ్డంగా దూకింది. లినెట్ స్టీరింగు తిప్పలేదు, గుద్దేసింది. దిగొద్దన్నా దిగింది. కంగారూ చచ్చిపోయింది. సంచిలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది, చిన్న కాలొకటి వేళ్లను తన్నింది.

మళ్లీ నెలల తరబడి నిద్రలేని రాత్రులు. చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏడుస్తూనే ఖాళీ చేతులతో కారెక్కి బెల్టు పెట్టుకుంది.

"అయ్యో, కంపెనీ బండి!" అన్నాడు డారిల్, పగిలిన లైటు చూసి. "సంచి చూశావా?"

"చూశాను. ఏమీ లేదు."

"హమ్మయ్య. ఆకలేస్తోంది, తినడానికేముంది?"

అతనికి వడ్డించి, పెందలాడే పడుకుంది. ఎప్పటి వేళకే మెలకువ వచ్చింది. వెళ్లి, తలుపుకు ఖాళీ గలీబు వేలాడుతున్న వంటింట్లో పాలు వెచ్చబెట్టింది.