బుధవారం ప్రళయం, గురువారం అంగడి

టీవీల్లో కూర్చుని ఆ వారమంతా ప్రళయాన్ని అమ్ముకున్న పెద్దమనుషులారా, ఇది మీరు చేసిన పనే. తప్పించుకోవద్దు. తెర మూలన ఎర్రంకెల గడియారం పెట్టి ఇంకా ఇన్ని గంటలు, ఇంకా ఇన్ని నిమిషాలు అని లెక్క చెప్పింది మీరు. భూగోళం నిలువునా పగిలిపోయే బొమ్మను పొద్దస్తమానం తిప్పింది మీరు. జెనీవా పక్కన నేల లోపల ఇరవై ఏడు కిలోమీటర్ల సొరంగం ఉందట, అందులో కంటికి కనపడని రేణువులను పరిగెత్తించి ఢీకొట్టిస్తారట, దాంతో కృష్ణబిలం పుట్టి మనల్నందర్నీ మింగుతుందట. అసలు ఆ బుధవారం ఢీకొట్టించడమే లేదు. ఒక దిక్కుకు ఒకసారి, రెండో దిక్కుకు ఒకసారి, విడివిడిగా తిప్పి చూడటమే ఆ రోజు పని. ఒక్క ఫోను చేసి అడిగుంటే తెలిసేది. అడగలేదు. అడిగితే గడియారం తీసెయ్యాలి కదా!

పెనుకొండలో పట్టుచీరల కొంగులకు కుచ్చులు వేసి బతికే రాబియాకు మీరేం చేశారో వినండి.

2008 సెప్టెంబరు, రంజాన్ నెల. మంగళవారం పొద్దున్నే రాబియా ప్యాసింజరు బండెక్కి ధర్మవరం పోయింది. వారానికోసారి కుచ్చులేసిన చీరలు నాగభూషణం కొట్లో ఇచ్చి, మగ్గాల మీద నుంచి దిగిన కొత్త చీరలు తెచ్చుకోవడం ఆమెకు పదిహేనేళ్ళ అలవాటు. ఆ రోజు కొట్లో ఒక్కరూ చీరల వైపు చూడటం లేదు. మెడలన్నీ టీవీ వైపే.

"రేపు అంతా అయిపోతాంటే ఇంక కుచ్చులు ఎవరికమ్మా?" అన్నాడు నాగభూషణం. నవ్వుతూనే అన్నాడు గానీ కొత్త చీరల కట్ట మాత్రం బయటికి తీయలేదు. "గురువారం రా. ఉంటే ఇస్తా."

"ఉంటే అంటే? చీరలుంటేనా, నువ్వుంటేనా?"

"భూమి ఉంటే."

రాబియా ఉత్త చేతులతో ఇంటికొచ్చింది. ఒంటిగది ఇల్లు. పెళ్ళయిన మూడేళ్ళకే మొగుడు పోయాడు, పిల్లల్లేరు. వేళ్ళ మధ్య పట్టుపోగులు ఉన్నంతసేపు ఆ గది ఎంత పెద్దదో ఆమెకు తెలిసేది కాదు. ఆ మధ్యాహ్నం తెలిసింది.

పక్కింటి వేణుమాధవ్ హైస్కూల్లో సైన్సు చెప్తాడు. గోడ మీద నుంచి పిలిచి ఆయనే అన్నాడు.

"భయపడతాండావా రాబియమ్మా? ఆకాశం నుంచి అంతకన్నా బలమైన రేణువులు దినామూ మన నెత్తిన పడతానే ఉండాయి. చంద్రుని మీదా పడతానే ఉండాయి. కోట్ల ఏండ్లుగా! ఏమన్నా అయిందా?"

"మరి ఆ మాట టీవీలో చెప్పరేం సారూ?"

"నేను చెప్తే ఎవరింటారమ్మా? ఈ పొద్దు నా క్లాసుకే ఏడుమంది వచ్చినారు. మిగతా వాళ్ళు వాళ్ళమ్మ కొంగు పట్టుకుని ఇంట్లో ఉండారు."

రాబియా ఆయన మాట నమ్మింది. ఇది గుర్తు పెట్టుకోండి. ఊరంతా బాబయ్య దర్గా దగ్గరా గుళ్ళ దగ్గరా గుంపులు కడుతుంటే, ఏమీ కాదని నమ్మిన మనిషి ఆమె.

సాయంత్రం ఒక్కపొద్దు విడిచే వేళ. ఖర్జూరం నోట్లో పెట్టుకోబోతుంటే వాకిట్లో ఎవరో నిలబడ్డారు. తలెత్తి చూసింది. అన్న ముస్తఫా.

పదకొండేళ్ళు. హిందూపురం నుంచి పెనుకొండకు గంట ప్రయాణం. ఆ గంట దూరానికి పదకొండేళ్ళు పట్టింది. 1997లో ముస్తఫా ఇంట్లోనే వాళ్ళమ్మ చనిపోయింది. కబురంది రాబియా బస్సెక్కి దిగేసరికి మట్టి కప్పేసి మగవాళ్ళు కాళ్ళు కడుక్కుంటున్నారు. అమ్మ ముఖం చూడలేదు. "కన్నతల్లిని దొంగసొత్తు పాతిపెట్టినట్టు పెట్టినావే!" అని నడివీధిలో అన్నను నిలదీసింది. నా గడప తొక్కొద్దన్నాడు వాడు. తొక్కలేదు. ఖబరస్తాన్‌లోకి ఆడవాళ్ళు పోరు. ఇంటి మగవాడు గేటు దగ్గర నిలబెట్టి, అదిగో అక్కడ అని వేలు చూపించాలి. రాబియాకు చూపించే మగవాడు ముస్తఫా ఒక్కడే. కాబట్టి తల్లి ఏ మట్టి కింద ఉందో పదకొండేళ్ళుగా ఆమెకు తెలియదు.

"ఇన్నాళ్ళూ అన్నవన్నీ మాఫ్ చెయ్యి రాబియా," అన్నాడు ముస్తఫా వాకిట్లోనే నిలబడి. "రేపటికి మిగలం."

"ముందు లోపలికి రా. ఒక్కపొద్దు ఇడువు." చేతిలో ఉన్న ఖర్జూరం వాడి చేతిలో పెట్టింది.

నీళ్ళు తాగాక వాడు తల దించుకుని చెప్పేశాడు. "ఆ పొద్దు అందరూ ఒక గంట ఆగుదామన్నారు. నేనే ఆగనియ్యలేదు. అమ్మను మూడు నెల్లు ఎత్తి కూర్చోబెట్టింది నేను, పక్కబట్టలు మార్చింది నేను. ఊపిరి పోయేటప్పుడు పిల్చింది నిన్ను. నా ఒళ్ళో తల పెట్టుకుని రాబియా, రాబియా అనింది. నాకు కడుపు మండిపోయింది. నిన్ను చూడనియ్యకూడదని... అందుకే తొందర చేసినా."

అమ్మ తనను పిలిచిందా! పదకొండేళ్ళుగా ఆ మాట హిందూపురంలో అన్న పంచర్ల అంగడిలో దాక్కుని ఉందా!

రాబియా వాడి గ్లాసులో మళ్ళీ నీళ్ళు పోసింది. చివరికి "మాఫ్" అంది. అప్పుడు సారు చెప్పిన సంగతి నాలుక చివరి దాకా వచ్చింది. ఏమీ కాదులే అన్నా, భయపడొద్దు అని ఒక్క ముక్క. కానీ చెప్తే? వెంటనే లేచి రాత్రి బండికి వెళ్ళిపోతాడు. వేళ్ళు కొంగు అంచును మెలిపెట్టాయి. నోరు మూసుకుంది.

మరునాడు బుధవారం ఇద్దరూ ఆ గదిలో గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఒక్కపొద్దు కాబట్టి అన్నకు ఒక గ్లాసుడు నీళ్ళైనా ఇవ్వడానికి లేదు. తెరిచిన తలుపులోంచి ఎదురింటి టీవీ కనపడుతోంది. ముస్తఫా చిన్నపిల్లాడిలా ఏవేవో అడిగాడు. అమ్మ జొన్నరొట్టె తడితే చప్పుడు యాడికి వినపడేది, మన ఎర్రమేక పేరు ఏమి. ఒంటిగంట దాటాక చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు. రాబియాకు మాత్రం ఆ గడియారం ఎప్పటికీ సున్నా దగ్గరికి రాకుండా ఉంటే బాగుండుననిపించింది.

రెండు గంటలప్పుడు టీవీలో ఎవరో తెల్లవాళ్ళు చప్పట్లు కొట్టారు. వాకిట్లో కోడి ఒకటి నేల గీరుకుంటోంది. అంతే. ఇంకేమీ కాలేదు.

ముస్తఫా పెద్దగా ఊపిరి వదిలాడు. తర్వాత పట్టుకున్న చెయ్యి వైపు, ఎవరిదో అన్నట్టు చూసి, మెల్లగా వదిలేశాడు.

"అంగడి మూసి రెండు దినాలాయ," అన్నాడు చెప్పులు వేసుకుంటూ. గడప దాటాక వెనక్కి తిరిగి, "నిన్న చెప్పిందంతా యాడా అనొద్దు," అని ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు.

టీవీలో గడియారం మాయమైంది. దాని చోట సబ్బు ప్రకటన వచ్చింది. తప్పయింది, మిమ్మల్ని ఊరికే భయపెట్టాం అని ఒక్క ముక్క లేదు. తొమ్మిది రోజులకు ఆ యంత్రం చెడిపోయి ఆగిపోయిందట. ఆ సంగతి కూడా వేణుమాధవ్ సారు గోడ మీద నుంచి చెప్తేనే రాబియాకు తెలిసింది.

పండగ రోజు ఇద్దరికి సరిపడా సేమ్యా వండి వాకిలి తెరిచి పెట్టుకుంది. సాయంత్రానికి సేమ్యా గడ్డ కట్టింది. ముస్తఫా రాలేదు.

మరునాడు రాబియా ఎవరితోనూ చెప్పకుండా హిందూపురం బండెక్కింది. లేపాక్షి పోయే రోడ్డు మీద అంగడి. ముస్తఫా గాలి నింపిన ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడొస్తాయా అని చూస్తున్నాడు. పక్కన ఇద్దరు లారీ డ్రైవర్లు బీడీలు కాలుస్తున్నారు. నీడ పడేసరికి ముస్తఫా ఒకసారి తలెత్తి, మళ్ళీ దించుకున్నాడు.

"ఏమ్మా, ఏం గావాల?"

దారిన పోయే ఆడమనిషిని అడిగినట్టు అడిగాడు.

"ఏమ్మా అంటాండావా? ఎవరిని, అన్నా? తొట్టిలో ఏముండాది, నన్ను చూడు," అంది రాబియా. గొంతు తగ్గించలేదు. డ్రైవర్లు బీడీలు పారేశారు. "ముందు నా తప్పు చెప్తా. ప్రళయం రాదని నాకు మంగళవారమే తెలుసు. సారు చెప్పినాడు. నీకు చెప్పలేదు. చెప్తే నువ్వు పోతావని చెప్పలేదు. నీ భయాన్ని ఒక రాత్రి నా ఇంట్లో కట్టేసుకున్నా. దానికి నన్ను మాఫ్ చెయ్యి. చేస్తే చెయ్, లేకుంటే లేదు."

ముస్తఫా చేతిలో ట్యూబు అలాగే నీళ్ళలో ఉంది. బుడగలు వస్తూనే ఉన్నాయి. వాడు చూడటం లేదు.

"నేను ఇచ్చిన మాఫీ మాత్రం చావుకు భయపడిన మనిషికి ఇచ్చింది. ఆ మనిషి బుధవారం రెండు గంటలకే లేచి పోయినాడు. బతికుండే మనిషి అడగాల నన్ను. ఈ పొద్దు ఏ టీవీలోనూ గడియారం లేదు, భూమి యాడికీ పోదు. లే అన్నా. చేతులు తుడుచుకో. షట్టర్ దించు. ఖబరస్తాన్ గేటు దాకా నాతో నడు. అమ్మ యాడుండాదో వేలు పెట్టి చూపించు. రేపు కాదు, ఎల్లుండి కాదు. ఇప్పుడే చూపించు."