కాల్చిన రాగి వాషర్

చుఫ్... చుఫ్... చుఫ్...

బండి ఇంకా సందు మలుపు తిరగలేదు. రెజిమెంటల్ బజార్ వెనక రేకుల షెడ్డులో, వేరొక కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్న హనీఫ్ చేతిలో పానా ఆగింది. నాలుగు దెబ్బలకు ఒక దెబ్బ తేడాగా, ఎవరో పళ్ల సందుల్లోంచి ఊపిరి వదులుతున్నట్టుగా వస్తోంది ఆ చప్పుడు. డీజిలు చిమ్మే ఇంజెక్టరు అడుగున లీకు. కంటికంటే ముందు చెవికి తెలిసిపోయింది.

బూడిదరంగు కారు వచ్చి షెడ్డు ముందు నిలిచింది. హనీఫ్ నవ్వుతూ లేచాడు. ఆ కారు యజమాని యేసురాజు సారు అతనికి పదేళ్ల పరిచయం. రైల్వే ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. వచ్చిన ప్రతిసారీ ముక్కాలిపీట లాక్కుని కూర్చుని, "చెవులు రెండూ ఇంజన్లకే అప్పగించావు, మీ ఆవిడ మాట దేనితో వింటావోయ్" అని ఆటపట్టించేవాడు. కాని స్టీరింగు ముందునుంచి దిగింది సారు కాదు, ఆయన భార్య మేబెల్ టీచరు. హనీఫ్ సారు ఏరని అడిగాడు. పోయి రెండు నెలలైందని ఆమె చెప్పింది. తరగతిలో హాజరు పిలిచినంత నిదానంగా చెప్పింది.

మిగిలినది కూడా అంతే నిదానంగా చెప్పింది. మధ్యాహ్నం భోజనమయ్యాక గుండెలో నొప్పన్నాడట. నూటెనిమిదికి ఫోను చేస్తే ఇరవై నిమిషాలన్నారట. అంతసేపు కూర్చోలేక, తానే కారులో ఎక్కించుకుని నేరేడ్‌మెట్ నుంచి బయలుదేరిందట. రైలు వంతెన ఎత్తు ఎక్కుతుండగా కారు బలం చచ్చి, నల్లగా పొగ చిమ్మి, ఆగిపోయిందట. ఎండలో చేతులూపి, బతిమాలి, ఆటో దొరికేసరికి అరగంట. ఆసుపత్రిలో, కాస్త ముందు తెచ్చివుంటే బాగుండేదన్నారట.

"ఇవాళ ఇక్కడిదాకా వచ్చిన కారు, ఆ రోజు ఎందుకు ఆగిందో చెప్పు హనీఫ్. నాకు ఆ ఒక్కటే తెలియాలి."

ముక్కాలిపీట చూపించినా ఆమె కూర్చోలేదు.

హనీఫ్ బానెట్ ఎత్తాడు. ఇంజను నడుస్తుండగానే సబ్బునీళ్లు తెచ్చి నాలుగు ఇంజెక్టర్ల మొదళ్లలో ఒక్కొక్క చుక్కే పోశాడు. మొదటిది నిమ్మళం. రెండవది నిమ్మళం. మూడవదాని దగ్గర నురగ బుడబుడమని ఉబికింది, పగిలింది, మళ్లీ ఉబికింది. చుట్టూ తారులా మసి గడ్డకట్టి ఉంది. ఇంజను ఆపి, అది చల్లారాక, మసిని గీకి, నూనె పోసి నానబెట్టి, బిగుసుకుపోయిన ఇంజెక్టరును తట్టి తట్టి పైకి లాగేసరికి గంట పట్టింది. దాని కొసకు అంటుకుని, లోపలి మంట బయటికి తన్నకుండా అడ్డే చిన్న రాగి వాషర్ ఊడివచ్చింది. రూపాయి బిళ్లకంటే చిన్నది. ఒక పక్క మంట తిని, పలచబడి, నల్లబడింది.

బట్టతో తుడిచాడు. రాగి మీద ఏటవాలుగా సన్నని గీతలు. సానరాయి మీద అలా ఏటవాలుగా రుద్దడం అతని పద్ధతే. తన చేతిరాతను తానే గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాడు.

ఆ వాషర్ కూర్చోబెట్టిన రోజు బంద్. రాణిగంజ్‌లో విడిభాగాల దుకాణాలన్నీ షట్టర్లు దించాయి. మర్నాడు పొద్దున్నే బాపట్లలో తమ్ముడి గృహప్రవేశ ప్రార్థనకు వెళ్లాలి, కొత్త వాషర్లే వెయ్యవోయ్ అన్నాడు సారు. హనీఫ్ పాత వాషర్లనే స్టవ్వు మంట మీద ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచి, రాయి మీద రుద్ది, తిరిగి కూర్చోబెట్టాడు. కాలిన రాగి మెత్తబడి, చోటుకు తగ్గట్టు అమరుతుంది. లారీల షెడ్డులో ఉస్తాదు నేర్పిన విద్య. ఇరవై ఏళ్లలో ఒక్క లారీ కూడా అదే లీకుతో తిరిగి రాలేదు.

టీచరు చూస్తోంది. ఆ నల్లని తునక ఏమిటో ఆమెకు తెలియదు. డీజిల్‌లో నీళ్లు కలిశాయంటే నమ్ముతుంది. పెట్రోలు బంకు వాళ్లను తిట్టుకుంటూ వెళ్లిపోతుంది. ఆ మాట హనీఫ్ నాలుక చివరిదాకా వచ్చింది.

"గిది నేను పెట్టిందే, టీచరమ్మా," అన్నాడు చివరికి, అరచెయ్యి చాపి. "సారు కొత్తదే ఎయ్యమన్నడు. నేనే పాతదాన్ని కాల్చి ఏసిన. లారీలకైతే నడుస్తది. గీ టర్బో ఇంజన్ జోరుకు ఆగలే."

"ఆగదని నీకు అప్పుడు తెలుసా?"

"తెల్వదు." తల దించుకున్నాడు. "జెర అనుమానమైతే ఉండె."

ఆమె ఆ వాషర్‌ను వేళ్లతో తీసుకుంది. వెలుగు వైపు తిప్పి, దాని రంధ్రంలోంచి సందునంతా చూసినట్టు చూసింది.

"నీ తప్పు లేదని నాతో అనిపించుకోకు హనీఫ్. అనలేను."

పని పూర్తి చెయ్యమందామె. వాషర్ కూర్చునే చోటును అద్దంలా శుభ్రం చేశాడు. కొత్త వాషర్లు నాలుగూ వేశాడు, కొత్త బోల్టులు వేశాడు, ఎంత బిగువో కొలిచే పానాతో బిగించాడు. మసకబారిన కళ్లను మోచేత్తో తుడుచుకుని మళ్లీ కొలిచాడు. తాళం తిప్పితే ఇంజను అందుకుంది. సబ్బునీళ్లు నాలుగు చోట్లా కదలకుండా నిలిచాయి.

మేబెల్ టీచరు స్టీరింగు ముందు కూర్చుంది. వెళ్లలేదు.

"నా తప్పూ ఉంది ఒకటి," అంది, అతని వైపు చూడకుండా. "ఆసుపత్రిలో నర్సు, పేరుపెట్టి పిలవండమ్మా, మీ గొంతైతే పలుకుతారేమో అంది. ముప్పై ఒక్క ఏళ్లు ఏమండీ అనే పిలిచాను. పెళ్లి ప్రమాణంలో కూడా పాస్టరుగారు ఆయన పేరు అందిస్తే పెదవులు కదిపానంతే. మా అమ్మ అలా పెంచింది. అప్పుడూ నోరు రాలేదు. కాగితం మీద రాసి ఇచ్చాను. ఆ అమ్మాయే చదివి పిలిచింది, రెండుసార్లు. ఆయన చెవిన పడ్డ ఆఖరి పిలుపు పరాయి పిల్లది."

హనీఫ్ బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. లోపల ఇంజను సమంగా, మృదువుగా, ఏ అడ్డూ లేకుండా ఊపిరి తీస్తోంది. అంత నిశ్శబ్దంలో ఏ చిన్న మాటైనా వినబడుతుంది.

ఆమె పక్కనున్న ఖాళీ సీటు వైపు తిరిగింది. పెదవులు ఒకసారి కదిలాయి, గొంతు రాలేదు. మళ్లీ కదిలాయి.

"యేసురాజూ."