గాలి బొత్తాం

మధ్యాహ్నం మా ఇంట్లో గిన్నె చప్పుడు కూడా వినపడకూడదు. అత్త పడుకుంటుంది. సైకిల్ షాపు మూసి భోజనానికొచ్చిన మా ఆయన కునుకు తీస్తాడు. పెళ్లయిన పదకొండేళ్లలో కుండ మీద మూత కూడా దొంగలా చప్పుడు లేకుండా పెట్టడం నేర్చుకున్నాను. అలాంటి ఇంటికి చర్చిలోని బొత్తాల అకార్డియన్ మోసుకొచ్చానంటే నా పొగరు చూడండి.

అది రెండువేల ఐదు. చర్చిలో వాయించే ఏసేపు తాతకు చేతులు వణుకుతున్నాయి. "ఈస్టరుకు నువ్వే వాయించల్ల కృపమ్మా," అని పెట్టె నా ఒళ్లో పెట్టాడు. మా ఆయన ఒకటే మాటన్నాడు: "ఇంట్లో దాని రొద వినపడిందో, ఆ పొద్దే తిరిగిచ్చేస్తావు."

పొద్దున చర్చిలో తాత స్వరాలు నేర్పేవాడు. రెండో చరణానికే నా చేతిలో తిత్తి గాలి అయిపోయేది. "స్వరాలు ఎవురైనా నొక్కుతారు. గాలి దాచిపెట్టుకునేదే శానా కష్టం," అనేవాడు. బొటనవేలి కింద గాలి బొత్తాం ఉంటుంది. అది నొక్కి తిత్తి లాగితే పాట పలకదు, గాలి మాత్రం వచ్చిపోతుంది. ఇంట్లో దాంతోనే సాధన చేశాను.

నా రోగమేంటో అప్పుడే తెలిసింది. ఉన్నదంతా ముందే పెట్టేయడం నాకు అలవాటు. కూరైనా అంతే, అందరికీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలిందే నాది. తిత్తి దగ్గర ఆ పప్పులుడకవు. నాకంటూ కొంత అట్టిపెట్టుకుంటేనే పాట సాగుతుంది. ఆ నియమం నాకు భలే నచ్చింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం వెనక గదిలో తిత్తి లాగాను. హుస్స్. మూశాను. బుస్స్.

"రేయ్, లేయ్‌రా, ఇంట్లో పాముండాది," అని అరిచింది అత్త అవతలి గదిలో.

పక్కింటి నాగన్న కట్టె పట్టుకొచ్చాడు. "యాడప్పా?"

"ఆ గదిలో. నువ్వు పోయి చూడు నాగన్నా," అన్నాడు మా ఆయన. తలుపు సందులోంచి చూస్తే మంచమెక్కి నిలబడి ఉన్నాడు. నవ్వు ఆపుకోలేక నేను ఊగుతుంటే, నాతోపాటు తిత్తీ ఊగి మళ్లీ బుసకొట్టింది.

పెట్టెను ఈ గదిలోని మంచం కిందికి తోసి, పాము కిటికీలోంచి పోయిందని చెప్పొచ్చు. ఇన్నేళ్లలో అలాంటి అబద్ధాలు ఎన్ని ఆడలేదు. కానీ చెయ్యి రాలేదు. బొటనవేలు గాలి బొత్తాం మీంచి తీసేసి, పాట అందుకున్నాను. మొదటి చరణం అయింది, రెండోదీ అయింది. తిత్తిలో ఇంకా గాలి ఉంది. నాకు ఏడుపొచ్చేంత సంతోషమేసింది.

తలుపు తెరుచుకుంది. నాగన్న కట్టె దించాడు.

"రొద వినపడకూడదంటినా లేదా?" అన్నాడు మా ఆయన.

"ముందు మంచం దిగి మాట్లాడురా," అంది అత్త.

దిగాడు. "టీ పెట్టు," అన్నాడు.

"చక్కెర డబ్బా పై అరలో ఉండాది," అన్నాను. "నాకింగా మూడో చరణముండాది."