తువ్వాల కింద బేరం

గట్టయ్య నలభై ఏళ్లుగా అంగడిలో ఎడ్ల బేరాలు కుదురుస్తున్నాడు. ఆ నలభై ఏళ్లలో ఒక్కసారైనా ధరను నోటితో పలికిన పాపాన పోలేదు. అమ్మేవాడి చేతిని, కొనేవాడి చేతిని తువ్వాల కిందికి చేర్చి వేళ్లు పట్టుకుని చెబుతాడు. చుట్టూ మూగిన పదిమందికీ ఎంతకు తెగిందో తెలియకూడదు. తెలిస్తే పక్కవాడి బేరం చెడుతుంది. అంగడి ధర్మం అది.

అలాంటి మనిషి ఇప్పుడు కూతురు యమునను వెంటబెట్టుకుని, వరంగల్‌లో సుధామయి నర్సింగ్ కాలేజీ మేడ మీద, అడ్మిషన్ల గది బయట కూర్చున్నాడు. దర్జాగానే కూర్చున్నాడు. వణుకంతా యమునదే.

ఇంటర్‌లో ఆ పిల్లకు తొమ్మిది వందల అరవై మార్కులొచ్చాయి. ప్రభుత్వ సీటు మాత్రం వెంట్రుకవాసిలో తప్పిపోయింది. మార్కులు చూసి రెండు ప్రైవేటు కాలేజీలు ఫోన్ల మీద ఫోన్లు చేశాయి. సుధామయి వాళ్లు ఫీజులో సగం మాఫీ అన్నారు. అభయాంజలి కాలేజీ వాళ్లు సగం మాఫీతో పాటు హాస్టల్ కూడా ఉచితమన్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని ఈ సాయంత్రం ఐదులోపు రమ్మన్నారు. యమున మనసు మాత్రం సుధామయి మీదే ఉంది. వీళ్లకు సొంత ఆసుపత్రి ఉంది, చదువైపోగానే ఉద్యోగం.

కానీ ఎక్కడైనా సగం ఫీజు కట్టాలంటే ఇంట్లో ఉన్న రెండు పాడి బర్రెలనూ అమ్ముకోవాలి. ఆ పాల మీదే తల్లి సమ్మమ్మ ఇల్లు నెట్టుకొస్తోంది. "బర్రెల జోలికి పోవుడు లేదు. మొత్తం మాఫీ పట్టుకస్త సూడు" అని గట్టయ్య పాలంపేటలో బస్సెక్కే ముందు పెళ్లానికి మాటిచ్చేశాడు.

యమున భయమల్లా ఆ మాటే. మొత్తం కోసం పాకులాడి ఉన్న సగం పోగొట్టుకుంటే? రెంటికీ చెడ్డ రేవడై ఏడాది ఇంట్లో కూర్చోవాలి. అలా ఒక్క ఏడాది కూర్చున్న ఆడపిల్ల మళ్లీ పుస్తకం పట్టడం వాళ్ల వాడకట్టులో ఆమె ఇంతవరకు చూడలేదు.

బస్సులోనే గట్టయ్య పాఠం చెప్పాడు. "ఒక్కో వేలు పావు లెక్క, బిడ్డా. రెండు పట్టుకుంటె సగం. నాలుగు పట్టుకుంటె మొత్తం. తువ్వాల కింద నీ చెయ్యి నా చేతిల ఉంటది. నేను నాలుగు వేళ్లు పట్టినంతసేపు నువ్వు దిగద్దు. ఫికర్ చెయ్యకు."

అంతలో అడ్మిషన్ల గదిలోంచి యాకమ్మ బయటికొచ్చింది. పరకాల వైపు మనిషి. మనవరాలు రమను చేర్పించడానికి వచ్చి, పొద్దుటి నుంచి వీళ్ల పక్క కుర్చీలోనే కూర్చుని ఉడికించిన పల్లికాయ పెట్టింది. ఇప్పుడు వచ్చి యమున చెవిలో గుసగుసలాడింది.

"పావు ఇడుస్తరట బిడ్డా. ఎవ్వలకు చెప్పద్దని నాతోని ఒట్టు పెట్టిచ్చుకుంది ఆ మేడం."

ఒట్టు గడప దాటేదాకా కూడా ఆగలేదు పాపం. యమునకు మాత్రం నవ్వు రాలేదు. రమకు తొమ్మిది వందల యాభై మార్కులు. పది మార్కుల తేడాకే ఒకరికి పావు, ఒకరికి సగమా? ఇక్కడ ధర మార్కులను చూసి కట్టడం లేదు, ముఖాలను చూసి కడుతున్నారు. తమ ముఖాలు వీళ్లకు ఎలా కనిపిస్తున్నాయో.

లోపల శ్రీలత మేడం మర్యాదగానే మాట్లాడింది. ఒరిజినల్స్ ఫైలు అడిగి తీసుకుంది. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, కులం సర్టిఫికెట్ ఒక్కొక్కటే తిరగేసి, మళ్లీ ఫైల్లో పెట్టి, ఫైలును సొరుగులోకి తోసింది.

"సగం మాఫీ. ఇక్కడ సంతకం చెయ్యమ్మా."

తువ్వాల కింద తండ్రి చెయ్యి యమున నాలుగు వేళ్లనూ పట్టుకుంది.

"మొత్తం మాఫీ చెయ్యుండ్రి మేడం" అంది యమున. ఆ గొంతు తనదేనా అనిపించింది ఆమెకు. "అభయాంజలోళ్లు హాస్టల్ గూడ ఇస్తాండ్రు."

"మొత్తం ఎవరికీ లేదు. నాలుగు గంటలకు లిస్టు క్లోజ్ చేస్తాం. ఆ తర్వాత ఈ సగం కూడా ఉండదు."

గోడ గడియారం మూడుంబావు చూపిస్తోంది. ఒప్పుకుందాం నాయినా అని యమున ప్రాణం కొట్టుకుంది. వేళ్లు మాత్రం వదల్లేదు ఆయన. చివరికి చెయ్యి వదిలి, తువ్వాల దులిపి భుజాన వేసుకుని లేచాడు.

"పా బిడ్డా."

అంగడిలో ఇదీ ఒక మర్యాదే. ధర కుదరకపోతే ఎద్దును పట్టుకుని వెళ్లిపోతున్నట్టు నడవాలి. పది అడుగుల లోపు కొనేవాడు వెనక్కి పిలుస్తాడు. తను నడిస్తే ఎనిమిదో అడుగు దాటకముందే పిలుపొస్తుందని గట్టయ్య గొప్ప. యమున అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. తలుపు దగ్గరికి ఆరు. వరండాలో పది. మెట్లు దిగారు. గేటు దాకా వచ్చారు. ఎవరూ పిలవలేదు.

గేటు దగ్గర యమున చెయ్యి అలవాటుగా బ్యాగులోకి వెళ్లింది. బ్యాగు ఖాళీ.

"నాయినా... ఫైలు ఆమె దగ్గర్నే ఉన్నది."

గట్టయ్యకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గేటు పట్టుకుని ఆగిపోయాడు. అంగడిలో ఎద్దును వెనక్కి తోలుకెళ్లేటప్పుడు పగ్గం మన చేతిలోనే ఉంటుంది. ఇక్కడ పగ్గం మేడం సొరుగులో ఉంది. ఆ కాగితాలు లేకపోతే అభయాంజలి వాళ్లు గడప కూడా తొక్కనివ్వరు.

"పగ్గం ఆళ్లకిచ్చి ఉత్తచేతుల తోటి నడిసచ్చిన గదనే బిడ్డా" అన్నాడాయన. "గిట్ల ఎన్నడు చెయ్యలె."

మళ్లీ మెట్లెక్కారు. ఈసారి మేడం తలెత్తలేదు.

"ఫైలు ఆఫీసుకు పోయింది. రేపు రండి."

రేపంటే రెండు కాలేజీల గడువూ దాటిపోయినట్టే.

"ఇప్పుడు జాయినవుతామంటే తెప్పిస్తా" అంది మేడం. "కానీ సగం అక్కర్లేదని మీరే వెళ్లారుగా. పావు చూద్దాం."

తువ్వాల కింద తండ్రి చెయ్యి యమున చెయ్యిని వెతుక్కుంది. దొరికింది కానీ ఏ వేలూ పట్టుకోలేదు. నలభై ఏళ్లు ఎందరి ఎడ్లకో ధర కట్టిన చెయ్యికి కన్నకూతురి దగ్గరికొచ్చేసరికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. తన భయం కంటే ఏ వేలూ పట్టని ఆ చెయ్యి యమునను ఎక్కువ భయపెట్టింది. ఇక ఇక్కడ తనకు పెద్దదిక్కు తనే.

ఆమె చెయ్యిని తువ్వాల కిందినుంచి బయటికి తీసుకుంది. వెనక్కి వెళ్లి, గది తలుపును గోడకు తగిలేదాకా బార్లా తెరిచింది. బయట వరండాలో పాతికమంది తల్లిదండ్రులున్నారు.

"మేడం, నాకు ఇందాక సగం అన్నరు, ఇప్పుడు పావు అంటాండ్రు" అంది గట్టిగా. "నా ఫైలు ఇయ్యుండ్రి. లేదంటె ఎవ్వలకు ఎంత ఇడుస్తాండ్రో జర అందరికి వినపడేటట్టు చెప్పుండ్రి. అందరం ఇంటం."

బయట కుర్చీలు జరిగిన చప్పుడు. ఒకరిద్దరు లేచి నిలబడ్డారు. మేడం ముఖంలో మర్యాద ఎటో పోయింది.

"తలుపు వెయ్యి! ముందు లోపలికొచ్చి తలుపు వెయ్యమ్మా!"

ఆఫీసుకు పోయిందన్న ఫైలు అదే సొరుగులోంచి వచ్చింది. మేడం ఎవరికో ఫోన్ చేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడింది. పాతికమందితో బేరం కంటే ఒక్క సీటు వదులుకోవడమే చవక అనుకుందేమో, తర్వాత లెటర్ ప్రింట్ తీసి, సంతకం పెట్టి, స్టాంపు గుద్దింది. మెరిట్ స్కాలర్‌షిప్, నాలుగేళ్లూ ఫీజు మొత్తం మాఫీ.

లెటర్‌ను వెంటనే చేతికివ్వలేదు. వేలి కింద అదిమిపెట్టి యమున కళ్లలోకి చూసింది. "బయట ఒక్కరికి చెప్పినట్టు తెలిసినా ఇది క్యాన్సిల్. ఈ కిటికీ అద్దంలోంచి నాకు వరండా అంతా కనబడుతుంది. ఏం?"

"చెప్ప మేడం" అంది యమున. నిజంగానే చెప్పకూడదనుకుంది. బర్రెలు కళ్లముందు మెదిలాయి, అమ్మ మెదిలింది.

వరండాలోకి రాగానే అన్ని కళ్లూ ఆమె మీదే. యాకమ్మ రమ చెయ్యి పట్టుకుని ఎదురొచ్చింది.

"బిడ్డా, నీకెంత ఇడిసిండ్రు? మా పిల్లకు పావు తోటి ఎల్లదే తల్లీ. నేను గూడ అడగాల్నా?"

అద్దం వెనక మేడం లేచి నిలబడి ఇటే చూస్తోంది. ఒక్క మాట జారితే బ్యాగులో లెటర్ చిత్తుకాగితం. సగమే అవ్వా, అంటే సరిపోతుంది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. పొద్దున పల్లికాయ పెట్టిన చెయ్యి ముందు అది బయటికి రాలేదు.

తండ్రి భుజం మీది తువ్వాల లాగింది. యాకమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, సెలవు తీసుకుంటున్నట్టు తనూ పక్కన కూర్చుని, ఇద్దరి చేతుల మీదా దాన్ని కప్పింది. గట్టయ్య ఉలిక్కిపడ్డాడు. తర్వాత రెండడుగులు పక్కకు జరిగి, అద్దానికీ వాళ్లకూ మధ్య వీపు పెట్టి నిలబడ్డాడు.

యమున ముందు యాకమ్మ చూపుడువేలు ఒక్కటే పట్టుకుంది. "ఇది నీదవ్వా" అంది పెదవులు కదిలీ కదలకుండా. ఆ తర్వాత నాలుగు వేళ్లూ కలిపి గట్టిగా పట్టుకుంది.

అంగట్లో కోడెలు అమ్మిన చెయ్యి యాకమ్మది. కళ్లు ఒక్కసారి పెద్దవయ్యాయి, అంతే. తువ్వాల కిందే యమున చెయ్యిని నొక్కి వదిలేసింది.

తండ్రీకూతుళ్లు మెట్లు దిగారు. గేటు వైపు నడుస్తూ యమున మళ్లీ అడుగులు లెక్కపెట్టుకుంది. ఈసారి ఎవరూ పిలవకూడదని ఏడుకొండలవాడికి మొక్కుకుంటూ లెక్కపెట్టింది. ఆరు. ఏడు. ఎనిమిదో అడుగులో మేడ మీదినుంచి పెద్ద గొంతు వినిపించింది. గట్టయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు, తువ్వాల లేకుండానే.

అది యాకమ్మ గొంతు.

"తలుపు పెట్టకు రమా, తెరిచే ఉండనీ. ఆఁ, మేడం... ఇప్పుడు చెప్పుండ్రి."